మెడలో నీలం

గిరిజకి కళ్లు తిరగడం మొదలై రెండేళ్లు దాటింది. అది ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేది కాదు. పొయ్యి దగ్గర నిలబడి జంతికల గొట్టం తిప్పుతుంటే వచ్చేది. పాకం అడుగంటకుండా గరిటె ఆపకుండా కలుపుతుంటే వచ్చేది. ఒక్కోసారి తలకి నూనె రాసుకుంటుంటే కూడా వచ్చేది. ముందు చెవుల్లో సన్నగా హోరు, ఆ వెంటనే గట్టు మీదున్న డబ్బాలన్నీ ఒక పక్కకి ఒరిగినట్టు. గట్టు పట్టుకుని ఒక్క నిమిషం నిలబడితే అంతా మామూలే. ఆ నిమిషం గడిచాక మాత్రం తనకే అనుమానం వచ్చేది. నిజంగా తిరిగాయా, తిరిగాయని అనుకున్నానా?

అమెరికాలోని కమ్మింగ్‌లో, వాళ్లుండే సబ్‌డివిజన్ కాలనీలో ఎవరింట్లో వ్రతమైనా, పుట్టినరోజైనా పిండివంటలు గిరిజ చేతివే. యాభై ఆరేళ్లొచ్చినా, షుగరున్నా, రెండు కేజీల పిండి ఒక్క పూటలో జంతికలు వేసేయగలనని ఆవిడకి కాస్త గర్వం కూడా. ఇప్పుడు అర కేజీకే మూడుసార్లు ఆగాల్సి వస్తోంది.

భర్త భానుప్రకాష్ వారానికి మూడు రోజులు ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తాడు కాబట్టి ఆవిడ ఇలా ఆగిపోవడమంతా ఆయన కళ్ల ముందే జరిగేది. "నూనె పొగ అది" అని తేల్చి, పొయ్యి మీద పెద్ద చిమ్నీ పెట్టించాడు. పొగ పోయింది గానీ తిరగడం పోలేదు. ఫ్యామిలీ డాక్టరు వయసు మార్పులన్నాడు. చెవుల డాక్టరు మంచం మీద పడుకోబెట్టి తల అటూ ఇటూ తిప్పి, ఇంట్లో రోజూ ఇలా చెయ్యమంది. ఒకరు నీళ్లు ఎక్కువ తాగమన్నారు, ఇంకొకరు స్ట్రెస్ అన్నారు. ప్రతి మాటా ఒక వారం నిజమైనట్టే ఉండేది.

"రిపోర్టులన్నీ బాగున్నాయంటే సంతోషించాలి గానీ, అలా మొహం పెడతావేం?" అన్నాడు భానుప్రకాష్ ఒకరోజు.

"బాగుంటే మరి ఎందుకు తిరుగుతున్నాయండీ?"

"డాక్టర్ చెప్పాడుగా, స్ట్రెస్ అని."

"నాకేం స్ట్రెస్?"

"అదేమిటో నీకే తెలియాలి."

గిరిజ చాలాసేపు ఆలోచించింది. తనకి తెలియని దిగులు ఏదైనా తన లోపల ఉందేమోనని వెతుక్కుంది. ఏమీ దొరకలేదు. దొరకకపోవడమే ఒక దిగులైంది.

బీపీ కూడా చక్కగానే ఉండేది. ఇంట్లో మెషిన్ పెట్టె మీద ఎడమ చేతికి పట్టీ చుట్టుకున్న బొమ్మ ఉంది, ఆవిడా అలాగే చుట్టుకునేది. నూట పది, నూట పదిహేను. క్లినిక్‌లో కుర్చీ గోడ వారగా ఉండడంతో అక్కడా ఎడమ చెయ్యే మెషిన్ వైపుకి వచ్చేది. ఒకే ఒక్కసారి కొత్త నర్సెవరో కుడి చేతికి చుట్టి, నూట అరవై నాలుగు చూసి కంగారుపడింది. "పరిగెత్తుకుంటూ వచ్చారా?" అని నవ్వి, ఐదు నిమిషాలాగి ఎడమ చేతికి చుట్టింది. నూట పద్దెనిమిది. నూట పద్దెనిమిదే కాగితం మీద రాసింది. గిరిజ ఆ సంగతి ఇంటికొచ్చేలోపే మర్చిపోయింది.

వాళ్లింటికి నాలుగిళ్ల అవతల శ్రీవల్లి ఉంటుంది. కరీంనగర్ పిల్ల. భర్త నిశాంత్ సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగం చేస్తుంటే, తను డిపెండెంట్ వీసా మీద ఆరేళ్లు ఇంట్లో కూర్చుంది. వర్క్ పర్మిట్ రాగానే, ఇంక ఒక్కరోజు కూడా వృథా చెయ్యనని దగ్గర్లోని టెక్నికల్ కాలేజీలో అల్ట్రాసౌండ్ కోర్సులో చేరింది. కాలేజీ నుంచి వస్తూ వారానికి రెండుసార్లయినా గిరిజ వంటింట్లో ఆగి టీ తాగి వెళ్లేది.

ఆ ఫిబ్రవరిలో ఒకరోజు వచ్చి, "ఆంటీ, మీ మెడ ఒక గంట ఇస్తరా?" అంది.

గిరిజ నవ్వింది. "తిరిగి ఇస్తావా?"

"నిజంగనే ఆంటీ. మెడల రక్తనాళాలు స్కాన్ చేసుడు నేర్పిస్తున్నరు. మేం స్టూడెంట్స్ ఒకరి మెడ ఒకరం చూసి చూసి బోర్ కొట్టింది. అందరివీ ఒక్క తీరు, చిన్నోళ్ల మెడలు. కొంచెం పెద్దోళ్లని తీసుకురమ్మంటున్నది మా మేడమ్."

"ముసలి మెడ కావాలని చెప్పొచ్చుగా" అంది గిరిజ, శనివారం వస్తానని మాటిచ్చింది. తన కళ్లు తిరగడానికీ దీనికీ సంబంధం ఉంటుందని ఆవిడకి తట్టనేలేదు. మెడ వేరు, తల వేరు.

శనివారం కాలేజీ ల్యాబ్‌లో ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇది వైద్య పరీక్ష కాదు, విద్యార్థుల అభ్యాసం మాత్రమే అని దాని సారాంశం. వరసగా ఐదు మంచాలు, ప్రతి మంచం పక్కనా ఒక మెషిన్. గిరిజ నల్లపూసలు జాకెట్లోకి తోసుకుని, గడ్డం పైకెత్తి పడుకుంది. శ్రీవల్లి చల్లటి జెల్ రాసి, షేవింగ్ మెషిన్ లాంటి ప్రోబ్‌ని మెడకి ఆనించింది.

కుడి వైపు ఇరవై నిమిషాలు పట్టింది. శ్రీవల్లి హుషారుగా ఉంది. తెరని గిరిజ వైపుకి తిప్పి చూపించింది కూడా.

"ఎర్రగ ఉన్నది చూడుండ్రి ఆంటీ, అది పైకి, తలకి పోయే రక్తం. పక్కన నీలం ఉన్నది కద, అది తల నుంచి కిందికి వచ్చేది."

మెషిన్లోంచి హుష్, హుష్ అని గాలి చప్పుడు లాంటిది వినిపించింది. తన ప్రాణం ఇంత చప్పుడు చేస్తుందా అని గిరిజకి ముచ్చటేసింది.

ఎడమ వైపు పెద్ద నాళం కూడా బాగానే దొరికింది. ఎర్రగా, నిండుగా. తర్వాత వెన్నుపూసల సందుల్లోంచి పోయే సన్నటి నాళం కోసం శ్రీవల్లి ప్రోబ్‌ని కొద్దిగా పక్కకి జరిపింది. తెర మీద చిన్న చిన్న ముక్కలుగా రంగు మెరిసింది.

"ఇదేంటి, నీలంగా ఉందే?" అంది గిరిజ.

శ్రీవల్లి ప్రోబ్ తీసి మళ్లీ పెట్టింది. నీలమే. తిప్పి పట్టుకుని చూసి, మళ్లీ సరిగ్గా పట్టుకుంది. ఏదో బటన్ నొక్కితే సన్న నాళం ఎర్రబడింది గానీ, ఇందాకటి పెద్ద నాళం నీలమైపోయింది. మళ్లీ నొక్కింది. పెద్దది ఎరుపు, సన్నది నీలం. ఆ పిల్ల నుదుటి మీద చెమట పట్టడం గిరిజకి కనిపించింది. అవతలి మంచం దగ్గర ఇంకో విద్యార్థికి చెప్తున్న టీచరు వైపు శ్రీవల్లి ఒకసారి చూసింది, పిలవబోయి ఆగింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు ఆంటీ. నాకే సరిగ రాలే." తెర తన వైపుకి తిప్పుకుంది. టకటకా ఏవో నొక్కి, టవల్‌తో గిరిజ మెడ మీది జెల్ తుడిచేసింది. "చాలు ఆంటీ. మీకు టైమ్ అవుతున్నది."

గిరిజకి ఏ టైమూ అవడం లేదు. గంట అనుకున్నది నలభై నిమిషాలకే అయిపోయింది. దారి పొడుగునా శ్రీవల్లి రోడ్డునే చూస్తూ డ్రైవ్ చేసింది.

ఆ తర్వాత ఆమె రావడం మానేసింది.

మొదటి వారం పరీక్షలున్నాయేమో అనుకుంది గిరిజ. రెండో వారం మెసేజ్ పెడితే, "బిజీ ఆంటీ, సారీ" అని మూడు ముక్కలు వచ్చాయి. తను ఏమైనా అనకూడనిది అన్నానా అని ల్యాబ్‌లో జరిగిందంతా మొదట్నుంచీ తిరగేసుకుంది. ముసలి మెడ అన్నందుకా? నీలంగా ఉందేంటని తప్పు పట్టినట్టు అడిగినందుకా?

"నీ మెడలో ఏదో కనపడి ఉంటుంది, చెప్పడానికి భయపడి తప్పించుకుంటోంది" అన్నాడు భానుప్రకాష్. మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ తనే, "ఏమీ ఉండదులే, ఉంటే ఆ టీచరైనా చెప్పేది కదా" అన్నాడు. రెండు మాటలూ ఒకే ధీమాతో చెప్పాడు. గిరిజకి ఏ మాట నమ్మాలో తెలియలేదు. నీలం అంటే కిందికి వచ్చేది అని శ్రీవల్లే చెప్పింది. కిందికి వచ్చేవీ మెడలో ఉంటాయని కూడా ఆమే చెప్పింది. మరి నీలం కనపడితే తప్పేముంది? తప్పు లేకపోతే ఆ చెమటెందుకు?

ఇంక ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం నడిచి వాళ్లింటికి వెళ్లింది. నిశాంత్ తలుపు తీశాడు. "శ్రీవల్లి క్లాసుకి పోయింది ఆంటీ" అన్నాడు. డ్రైవ్‌వేలో ఆమె కారు ఉంది. గుమ్మం పక్కనే ఆమె బూట్లు కూడా ఉన్నాయి. అబద్ధం అలవాటు లేని మనిషి కావడంతో నిశాంత్ కళ్లు ఆ బూట్ల మీదే ఉన్నాయి. గిరిజ "సరే నాయనా" అని వెనక్కి తిరిగింది. నాలుగిళ్ల దూరం నడవడానికి ఆ రోజు చాలాసేపు పట్టింది.

మర్నాడు గురువారం. మూడింటికి బెల్ మోగింది. గుమ్మంలో శ్రీవల్లి, ఏడ్చిన కళ్లతో, చేతిలో బీపీ పట్టీతో.

"ఆంటీ, ముందు కూర్చోండ్రి. నన్ను ఏం అడగకండ్రి. తర్వాత తిడుదురు గానీ."

వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఎడమ చేతికి పట్టీ చుట్టి, చెవులకి స్టెతస్కోపు పెట్టుకుంది. గాలి వదులుతూ ముల్లు చూసింది. కాగితం మీద నూట పద్నాలుగు అని రాసింది. తర్వాత కుడి చేతికి చుట్టింది. ఈసారి చాలాసేపు పట్టింది. నూట అరవై ఆరు అని రాసింది.

మళ్లీ మొదటి నుంచీ రెండు చేతులకీ చూసింది. రెండు మూడు అంకెల తేడాతో అవే వచ్చాయి.

గిరిజ ఆ కాగితం వంక చూస్తూ కూర్చుంది. "ఇందులో ఏది నా బీపీ?"

"కుడి చేతిదే ఆంటీ. పెద్దదే లెక్క."

"మరి ఎడమ చేతిది ఎవరిది?"

శ్రీవల్లికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఆంటీ, ఎడమ చేత్తో గట్టి పని చేసినప్పుడు మీకు ఏమన్న అయితదా? చెయ్యి గుంజుడు గానీ, కళ్లు తిరుగుడు గానీ?"

గిరిజ ఆమె మొహంలోకి చూసింది. రెండేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎప్పుడు తిరుగుతాయని అడిగారు, పొద్దున్నా సాయంత్రమా అని అడిగారు. ఏ చేత్తో అని ఎవరూ అడగలేదు. తనది ఎడమ చేతివాటం. చిన్నప్పుడు ఆ చేత్తో వడ్డించినందుకు మేనత్త చేత ఎన్నిసార్లు తిట్లు తిన్నదో. జంతికల గొట్టం తిప్పేదీ, గరిటె కలిపేదీ, తలకి నూనె రాసుకునేదీ ఆ చేత్తోనే.

"నీకెలా తెలుసు?" అంది.

శ్రీవల్లి చెప్పింది. అంతకుముందు రెండు ప్రాక్టీసుల్లో ఆమె ప్రోబ్‌ని తలకిందులుగా పట్టుకుంది. పైకి పోయేది కిందికి పోతున్నట్టు చూపించిందని టీచరు రెండుసార్లూ ఎర్ర ఇంకుతో రాసింది. మూడోసారి కూడా అదే తప్పయితే కోర్సు మళ్లీ మొదటి నుంచీ చెయ్యాల్సి వస్తుందేమోనని భయం. అందుకని ఆ రోజు నీలం కనపడగానే తన చెయ్యే తప్పనుకుంది. తల నుంచి రక్తం కిందికి తెచ్చే సిర దొరికిందేమో అని కూడా అనుకుంది. కానీ సిర అట్లా గుండెతోపాటు కొట్టుకోదు, ఇది కొట్టుకుంది. ఏం చెయ్యాలో తెలియక బొమ్మలన్నీ చెరిపేసింది.

"మీ మొహం చూడనీకి సిగ్గయింది ఆంటీ. నేను తప్పు చేసిన్నని ఒకసారి, ఒకవేళ తప్పు కాకపోతే ఎట్ల అని ఒకసారి. నిన్న మీరు వచ్చినప్పుడు లోపలనే ఉన్న. ఇయ్యాల మధ్యాహ్నం క్లాసుల మేడమ్ ఒక పేషెంట్ బొమ్మ చూపెట్టింది. అచ్చం మీదే. నేను క్లాసుల లేచి నిలబడి అంత చెప్పేసిన."

"ఏమంది మీ మేడమ్?"

"నన్ను ఒక్క మాట అనలే. ఇప్పుడే పో, రెండు చేతుల బీపీ చూడు, రేపే డాక్టర్ దగ్గరికి పొమ్మని చెప్పు అన్నది. జబ్బు పేరు మాత్రం నువ్వు చెప్పకు, అది డాక్టర్ పని అన్నది."

పక్క గదిలో మీటింగ్ ముగించుకుని వచ్చిన భానుప్రకాష్ గుమ్మంలో నిలబడి సగం విన్నాడు. కాగితం తీసుకుని చూశాడు. "మెషిన్ తప్పు చూపిస్తోందేమో" అన్నాడు. కానీ ఆ మాటని ఈసారి తనే నమ్మినట్టు లేడు.

శుక్రవారం ఫ్యామిలీ డాక్టరు తనే స్వయంగా రెండు చేతులకీ చూశాడు. చూసి, పాత కాగితాలన్నీ వెనక్కి తిప్పుకుంటూ వెళ్లాడు. అన్నిటి మీదా ఎడమ చేతి అంకెలే ఉన్నాయి. ఆ మరుసటి వారం ఆసుపత్రిలో మళ్లీ మెడ స్కాన్, ఆ తర్వాత రంగు మందు ఎక్కించి ఇంకో పెద్ద స్కాన్. చివరికి రక్తనాళాల డాక్టరు ఒక కాగితం మీద గుండె బొమ్మ వేసి చెప్పింది. గుండె నుంచి ఎడమ చేతికి పోయే పెద్ద నాళం మొదట్లోనే బాగా సన్నబడిపోయింది. ఊరికే ఉన్నప్పుడు కూడా చేతికి రక్తం చాలక, పని చేసేటప్పుడైతే మరీ చాలక, మెడ వెనక నుంచి మెదడుకి పోవాల్సిన రక్తాన్ని ఆ చెయ్యి కిందికి లాక్కుంటోంది. అందుకే ఆ నాళంలో ప్రవాహం తిరగబడింది. అందుకే కళ్లు తిరుగుతున్నాయి. నాళం సన్నబడింది కాబట్టే ఆ చేతిలో బీపీ తక్కువ చూపిస్తోంది. అసలు బీపీ ఎప్పట్నుంచో ఎక్కువే.

గిరిజ బొమ్మని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "అంటే ఇన్నాళ్లూ నేను తలలో రక్తంతో వంట చేశానా?"

భానుప్రకాష్ దాన్ని ఇంగ్లిష్‌లో చెప్తే డాక్టరు నవ్వి, దాదాపు అంతే అంది.

నవ్వు గిరిజకి రాలేదు. ఊహించుకోలేదు, నిజంగానే తిరిగాయి అని తెలిసినందుకు ఒళ్లంతా తేలికైంది. మరుక్షణం, బీపీ బాగుందని సంతోషించిన రోజులన్నీ గుర్తొచ్చాయి. ఒంట్లో బాగాలేదని తను చెప్పినప్పుడు అందరూ బాగుందన్నారు. బాగుందని తను నమ్మిన బీపీ బాగాలేదట. ఇంక దేన్ని పట్టుకుని నడవాలో తెలియలేదు.

బీపీకి, కొలెస్ట్రాల్‌కి మాత్రలిచ్చారు. మార్చి నెలాఖరున తొడ దగ్గర్నుంచి సన్న గొట్టం పంపి, ఆ నాళంలో స్టెంట్ వేశారు. మర్నాడే ఇంటికి పంపేశారు. పంపేముందు నర్సు రెండు మణికట్లూ ఒకేసారి పట్టుకుని, "ఇప్పుడు రెండూ సమానం" అంది. గిరిజ తనూ పట్టుకుని చూసుకుంది. ఎడమ చేతి నాడి అంత గట్టిగా కొట్టుకోవడం ఆవిడకి కొత్తగా, ఎవరో పరాయి మనిషి చెయ్యి పట్టుకున్నట్టుగా ఉంది.

కారులో భానుప్రకాష్ అన్నాడు. "ఆ పిల్ల రెండు వారాలు దాచింది. ఆ రెండు వారాల్లో నీకేమైనా అయ్యుంటే?"

"రెండేళ్లు ఎవరూ కనిపెట్టలేదుగా. ఆ అమ్మాయేగా కనిపెట్టింది."

"కనిపెట్టి చెరిపేసింది."

ఆయన చెప్పిందీ నిజమే, తను చెప్పిందీ నిజమే. అది ఇంటికొచ్చినా తేలలేదు. శ్రీవల్లి రోజూ మెసేజ్ పెడుతూనే ఉంది, ఎట్లున్నరు ఆంటీ అని. బాగున్నానని జవాబిచ్చేది తప్ప రమ్మనలేదు. ఒక పూట ఆ పిల్లని తలుచుకుంటే కళ్లు చెమర్చేవి. ఇంకో పూట గిన్నెలు సర్దుతూ ఉన్నట్టుండి, లోపలే ఉండి ఇంట్లో లేనని చెప్పించింది కదా అని ఒళ్లు మండేది. కృతజ్ఞత నిజమైతే కోపం ఎందుకు పోవడం లేదు? కోపం నిజమైతే ఆమె గొంతు వినాలని ఎందుకుంది? ఏప్రిల్ సగం ఇలాగే గడిచింది. కళ్లు మాత్రం మళ్లీ ఒక్కసారీ తిరగలేదు.

ఒక ఆదివారం భోజనాలయ్యాక ఫోన్ తీసి చేసింది.

"శ్రీవల్లీ, నీ మీద నాకు కోపం ఉందమ్మా."

అవతల టీవీ చప్పుడు ఆగింది.

"నువ్వు లేకపోతే నేను ఏమైపోయేదాన్నో కూడా తెలుసు. ఈ రెంటిలో ముందు ఏది చెప్పాలో తెలియక ఇన్నాళ్లూ చెయ్యలేదు."

"కోపం పోయినంకనే రమ్మంటరా ఆంటీ?" అంది శ్రీవల్లి.

"అది పోయేదాకా అంటే ఎప్పటికో ఏమో. ఇప్పుడే రా."

ఐదు నిమిషాల్లో వచ్చింది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడింది.

"ఇంకా ఉన్నదా ఆంటీ?"

"ఉంది కొంచెం. కూర్చో."

శ్రీవల్లి కూర్చుంది. కాసేపు ఇద్దరూ కిటికీలోంచి పక్కింటివాళ్లు కంచె వేయించుకోవడం చూశారు. ఆ కంచె వాళ్ల హద్దులో ఉందా, గిరిజ వాళ్ల హద్దులోకి వచ్చిందా అన్న దాని మీద మాట మొదలైంది. ఆమె వెళ్లేసరికి సాయంత్రం ఆరైంది. అంతసేపూ ఏం మాట్లాడుకున్నారని భానుప్రకాష్ అడిగితే, గిరిజకి చెప్పడానికి ఏమీ గుర్తు రాలేదు.